దొరకడంలో అనుభవజ్ఞుడు

కెనడాలోని మిల్టన్‌లో ఆంజనేయప్రసాద్ గారిని ఎరగని తెలుగువాళ్లు ఉండొచ్చు గానీ, ఆయన పొరపాటున అడుగుపెట్టని ఇల్లు మాత్రం ఆయన వీధిలో తక్కువ.

ఇందులో తప్పంతా ఆయనది కాదు. ఆ టౌన్‌హౌసులు కట్టిన మహానుభావుడు ఒకే ఇల్లు గీసి, దాన్నే ఇడ్లీ రేకుల్లో పోసినట్టు వరసగా దించుకుంటూ పోయాడు. అదే ఇటుక, అదే గరాజ్ తలుపు, గుమ్మం ముందు అదే చాపంత గడ్డి. మిగతావాళ్లు నంబరు చూసుకుని ఇంటికి వెళతారు. ఆంజనేయప్రసాద్ గారు ఆలోచించుకుంటూ వెళతారు. ఒక సాయంత్రం అలా ఆలోచించుకుంటూనే తెరిచి ఉన్న తలుపులోంచి ఒక పంజాబీ కుటుంబం ఇంట్లోకి నడిచి, బూట్లు విప్పి, సోఫాలో కూర్చుని, "మీనాక్షీ, కాస్త టీ" అన్నారు. ఆ ఇంటి పెద్దాయన మర్యాదస్తుడు. టీ ఇచ్చాకే, మీరెవరని అడిగాడు. అప్పటినుంచి రెండు కుటుంబాలకూ రాకపోకలున్నాయి.

పుట్టింది తెనాలి. హైదరాబాదులో చదివి, న్యూజెర్సీలో గ్రీన్‌కార్డు వరసలో నిలబడి నిలబడి, ఆ వరస ఈ జన్మకు కదలదని తేలాక కెనడా వచ్చారు. ఒక బ్యాంకుకు డేటాబేసులు చూస్తారు. లక్షలమంది ఖాతాల్లో ఏ వివరం ఏ మూలనుందో కళ్లు మూసుకుని చెప్పగలరు. కారు ఎక్కడ పెట్టారో కళ్లు తెరుచుకుని కూడా చెప్పలేరు. "మా ఆయన్ని దుకాణం పార్కింగులో వదిలేస్తే దీపావళికి ఇంటికొస్తారు" అని మీనాక్షి గారు పదిమందిలో అంటారు. ఆయన అభ్యంతరం చెప్పరు. చెప్పినా వినపడదు. ఆయన గొంతు అలాంటిది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతెత్తి అన్న అతి పెద్ద మాట "కొంచెం ఉప్పు" అని ఆవిడ వాంగ్మూలం.

ఇటువంటి మనిషి, తప్పిపోయినవాళ్లను వెతికే దళంలో సభ్యుడు కావడం ఎలా జరిగిందన్నది చెప్పుకోవాల్సిన సంగతే.

కొన్నేళ్ల కిందట తెలుగు సంఘం వాళ్లు ఊరికి పడమటనున్న గుట్టల పార్కులో వనభోజనాలు పెట్టారు. భోజనాలయ్యాక అందరూ అంత్యాక్షరికి గుండ్రంగా కూర్చుంటూంటే, ఆ ప్రమాదం తప్పించుకోవడానికి ఆంజనేయప్రసాద్ గారు "అలా నాలుగడుగులు వేసొస్తా" అని చెట్లలోకి వెళ్లారు. నాలుగడుగులు వేయడం వరకూ మాట నిలబెట్టుకున్నారు. వేసి రావడం దగ్గరే చిక్కొచ్చింది. ఆఖరికి సంఘం ప్రెసిడెంటు పోలీసులకు ఫోన్ చేయడం, పోలీసులు సెర్చ్ టీమ్‌ను పిలవడం, నారింజ రంగు జాకెట్లు వేసుకున్నవాళ్లు ఈలలు ఊదుతూ గుట్టలో చొరబడడం జరిగాయి. ఆయన్ని కనిపెట్టినావిడ పేరు డోరీన్. ఎన్నో ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. పార్కింగ్ వెనకాలే, మనుషుల మాటలు వినబడేంత దూరంలో, చెట్టుకు ఆనుకుని కూర్చున్న ఆయన ముందు నిలబడి, "తప్పిపోయారా?" అని అడిగింది.

ఆంజనేయప్రసాద్ గారు లేచి, చొక్కా దులుపుకుని, "లేదండీ, ఆగాను" అన్నారు.

డోరీన్‌కు ఆ జవాబు తెగ నచ్చింది. తప్పిపోయాక ఆగినవాళ్లు దొరుకుతారు, నడిచినవాళ్లతోనే బాధంతా అని ఆవిడ అనుభవం. మరుసటి వారమే ఆయన కృతజ్ఞతతో ఒక డబ్బా సున్నుండలు తీసుకుని టీమ్ షెడ్డుకు వెళ్లారు. సున్నుండలతో పాటు ఆయన్నీ వాళ్లు ఉంచేసుకున్నారు.

ఆ టీమ్‌కు ఘనమైన చరిత్ర ఉంది. డోరీన్ చెప్పేది విని ఆంజనేయప్రసాద్ గారు దాన్ని మనసులో యుగాలుగా విభజించుకున్నారు. మొదటిది లాంతర్ల యుగం. ఎవరైనా కనబడకపోతే చుట్టుపక్కల రైతులు లాంతర్లు పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని, తలో దిక్కుకూ పోయేవారు. తెల్లారేసరికి తప్పిపోయినవాడు ఇంటికొచ్చి పడుకునేవాడు, వెతకబోయిన రైతుల్లో ఒకడు తప్పిపోయేవాడు. తర్వాత వరసల యుగం: చేయి చాచితే పక్కవాడికి అందేటట్టు నిలబడి, ఒక్క పొద కూడా వదలకుండా గాలించడం. ఆ తర్వాత ఎవరో తెలివైనవాళ్లు, గాలించే ముందు ఆలోచించొచ్చు కదా అన్నారట. అప్పటినుంచి మ్యాపులు, రేడియోలు, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక సూత్రం వచ్చింది: మనిషి చివరిసారి ఎక్కడ కనిపించాడో అక్కణ్నుంచే వెతుకులాట మొదలుకావాలి. ఆ చోటు తప్పయితే, తర్వాత చేసేదంతా ఎంత బాగా చేసినా తప్పే.

ఇన్ని యుగాలు దాటొచ్చిన టీమ్‌కు ఒకే కొరత ఉండేది. ప్రాక్టీసుకి తప్పిపోయే మనిషి కావాలి. మిగతా వాలంటీర్లు ఈ పాత్రకు పనికిరారు. కాసేపటికే విసుగెత్తి ఫోన్ చూసుకుంటారు, లేదా వెతికేవాళ్ల మీద జాలితో దగ్గుతారు. ఆంజనేయప్రసాద్ గారు అలా కాదు. ఆకుల కింద పడుకోమంటే పడుకుంటారు. స్పృహ లేనట్టు నటించమంటే నటిస్తారు. పైగా ఆయన్ని ప్రత్యేకంగా ఎక్కడా దాచనక్కరలేదు, దాక్కోమని పంపిస్తే చాలు, ఎక్కడ దాక్కున్నారో ఆయనకే తెలియదు. ఆదివారాల్లో ఆయన్ని వెతకడమే టీమ్ శిక్షణ.

"తప్పిపోవడం కూడా ప్రాక్టీస్ చేసే మనిషిని ఈ భూమ్మీద మిమ్మల్నే చూశాను" అన్నారు మీనాక్షి గారు, ఆయన ప్యాంటు మీద బురద చూసి.

"తప్పిపోవడం కాదు, దొరకడం ప్రాక్టీస్ చేస్తున్నా."

"అబ్బో. అందులో ప్రమోషన్లు కూడా ఉంటాయా?"

ఉండవు. కానీ ఆ పడుకోవడాల్లో ఆయన ఒక విషయం గమనించారు. ఈల దగ్గరవుతున్న కొద్దీ, పలకాలనిపించదు. ఇంకాస్త లోపలికి ముడుచుకోవాలనిపిస్తుంది. తనను వెతికేది డోరీన్ అనీ, షెడ్డులో వేడి సూప్ ఉందనీ తెలిసినా సరే, బూట్ల చప్పుడు వినగానే ఎందుకో తప్పు చేసి పట్టుబడబోతున్నట్టు ఉంటుంది. ఈ మాట డోరీన్‌తో అంటే ఆవిడ నవ్వలేదు. "మంచి మాట చెప్పావు" అంది.

ఈలోగా దేశంలోకి స్టూడెంట్లు వెల్లువలా వచ్చారు. పక్క ఊరు బ్రాంప్టన్‌లో ఒక్కో బేస్‌మెంట్లో ఒక్కో తాలూకా దిగింది. కాలేజీ కొంత, వేర్‌హౌస్ డ్యూటీ కొంత, నిద్ర మిగిలితే కొంత. సెలవు దొరికితే ఒకే కారులో పట్టినంతమంది ఎక్కి గుట్టలూ జలపాతాలూ చూడ్డానికి వచ్చేవారు. బూట్లుండవు, నీళ్లుండవు, ఫోన్లో చార్జింగుండదు. ఫోటోలకు మాత్రం లోటుండదు. తప్పిపోయేవాళ్లు పెరిగారు. వాళ్ల స్నేహితులతో పోలీసులు మాట్లాడితే "యెస్ సర్, నో సర్" తప్ప మూడో మాట వచ్చేది కాదు. అలా ఆంజనేయప్రసాద్ గారికి రెండో ఉద్యోగం దొరికింది. తెలుగు పిల్లలైతే వాళ్లతో కూర్చుని మాట్లాడ్డం. ఈ నియామకంలో ఇంకో సదుపాయం కూడా ఉందని టీమ్‌లో అందరికీ తెలుసు, మర్యాదకు ఎవరూ అనరు: టెంటులో కూర్చున్న మనిషి అడవిలో తప్పిపోడు.

2022 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున ఆయన ఫోన్ మోగింది. నర్సింహ అనే స్టూడెంటు, సిద్దిపేట వైపు కుర్రాడు, శుక్రవారం సాయంత్రం గుట్టల పార్కుకు వెళ్లి తిరిగి రాలేదు. రాత్రంతా సన్నగా వాన పడింది. ఈ రాత్రికి చలి ఇంకా పెరుగుతుందని చెబుతున్నారు. ఒంటి మీద పల్చటి జాకెట్. ఒక రాత్రి ఎలాగో గడిచి ఉండొచ్చు. రెండో రాత్రి గడవదు. డోరీన్ ఇది మామూలు గొంతుతోనే చెప్పింది. ఆవిడ మామూలు గొంతుతో చెప్పినప్పుడే ఆంజనేయప్రసాద్ గారు ఎక్కువ భయపడతారు.

పార్కింగులో టెంటు కింద ఇద్దరు కూర్చుని ఉన్నారు. రోహిత్ అనే నెల్లూరు కుర్రాడు నర్సింహ రూమ్మేటు. పక్కన ధాత్రి, కరీంనగర్ అమ్మాయి, అదే ఇంట్లో పైన అద్దెకుంటుంది. వాళ్లు పోలీసులకు చెప్పిన కథ ఇది: నర్సింహకు కొండలంటే ఇష్టం, వ్యూపాయింట్ దగ్గర వీడియో తీసుకుంటానన్నాడు, రోహిత్ అతణ్ని పార్కు గేటు దగ్గర దించి డ్యూటీకి పోయాడు, తిరిగొచ్చేసరికి మనిషి లేడు, ఫోన్ కలవలేదు. పోలీసు సార్జెంటుకు ఇందులో సందేహించాల్సిందేమీ కనబడలేదు. వ్యూపాయింట్ అంటే నిట్టనిలువు రాతికొండ అంచు. అక్కడ వీడియో అంటే ఏం జరిగి ఉంటుందో అందరూ ఊహించారు, ఎవరూ పైకి అనలేదు. తాళ్లు పట్టుకున్నవాళ్లు కొండ అడుగున రాళ్ల మధ్య వెతుకుతున్నారు.

ఆంజనేయప్రసాద్ గారు కుర్చీ లాక్కుని వాళ్ల ముందు కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. ధాత్రి తీసుకుంది గానీ తాగలేదు.

"ఏమైనా తిన్నారా మీరు?"

"తిన్నాం అంకుల్" అన్నాడు రోహిత్. తిననివాళ్లే అంత తొందరగా చెబుతారు.

ఆయన మామూలుగా అడగాల్సినవే అడగసాగారు. ఏం రంగు జాకెట్, చూపు ఎలా ఉంటుంది, మందులేమైనా వాడతాడా.

"కాలికి ఏమున్నాయి నాన్నా? అడుగుజాడ కోసం."

"చెప్పులు అంకుల్."

"కొండెక్కడానికి చెప్పులా?"

రోహిత్ తన బూట్లవైపు చూసుకున్నాడు.

"సరే. చేతిలో ఏమైనా ఉన్నాయా? బ్యాగు, నీళ్లసీసా?"

"బియ్యం సంచులు" అన్నాడు రోహిత్. అని, నాలుక్కరుచుకున్నాడు. ధాత్రి అతనివైపు చూసిన చూపుకు వేరే వాళ్లయితే కుర్చీలోంచి లేచిపోయేవారు.

"బియ్యం సంచులా?"

"ఖాళీవే అంకుల్. రెండు. ఇంకా... కత్తెర."

ఆంజనేయప్రసాద్ గారికి డిటెక్టివ్ బుద్ధి లేదు. ఆ సంచుల సంగతేమిటో ఆయన ఊహించలేదు, ఊహించే ప్రయత్నం కూడా చేయలేదు. కప్పు కింద పెట్టి, ఆయన ఎప్పుడూ మాట్లాడే ఆ వినీవినపడని గొంతుతోనే అన్నారు: "చూడండమ్మా. నేను పోలీసుని కాదు. బ్యాంకులో పనిచేస్తా. మీరు చెప్పిన చోటు నిజమైతే వాళ్లు సరిగ్గా వెతుకుతున్నారు. కాకపోతే అక్కడున్న అంతమందీ పొద్దుగూకే వరకూ తప్పు చోట వెతుకుతారు. పొద్దుగూకాక వాడికి చలి."

ధాత్రి కప్పు పక్కన పెట్టేసింది. "మేం అబద్ధం చెప్పినం అంకుల్."

"ధాత్రీ..." అన్నాడు రోహిత్.

"ఊకో నువ్వు! వాడు సచ్చిపోతే నీ పీఆర్ ఏం జేసుకుంటవ్?" ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని ఆయనవైపు తిరిగింది. "రేపు ఎంగిలిపూల బతుకమ్మ అంకుల్. కిందటేడు దుకాణంల కొన్న చామంతులతోనే పేర్చినం. తంగేడు లేదు, ఏం లేదు. అది బతుకమ్మనా, కేకా అని నేనే నవ్విన. గీడ తంగేడు లెక్కనే పచ్చగ పూస్తది, రోడ్డు పక్కన చూసిన, నేను కోస్కొస్తా అన్నడు వాడు. మా దిక్కు పూలు మొగోళ్లే తెస్తరు అంకుల్. గందుకే పోయిండు."

"మరి కొండ ఎందుకు చెప్పారు?"

"పార్కుల పువ్వు తెంపితే ఫైన్ అని బోర్డున్నది. ఫైనైతే రికార్డైతది, రికార్డైతే పీఆర్ రాదు, గీ దేశంల ఉండనియ్యరు అని గ్రూపుల పెట్టిన్రు."

ఆ గ్రూపులో పెట్టినవాడెవరో, ఏ న్యాయశాస్త్రం చదివాడో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో తీర్పు వెలువడ్డాక దాని మీద అప్పీలు ఉండదు.

"గేటు దగ్గర దించానన్నది కూడా..." అని ఆంజనేయప్రసాద్ గారు రోహిత్ వైపు చూశారు.

"గేటు దగ్గర కాదంకుల్." రోహిత్ నేలవైపు చూస్తూ చెప్పాడు. "పార్కు దాటి ఇంకా చాలా ముందుకి. కరెంటు టవర్లు పోతాయి చూడండి, ఆ రోడ్డులో. అక్కడంతా పసుప్పచ్చగా ఉంది. గేటంటే పద్ధతిగా ఉంటుందని... రాత్రి నేనొక్కణ్నే లైటు వేసుకుని అక్కడే తిరిగాను అంకుల్. అరిచాను. మా వాడు పలకలేదు."

వాళ్లను కోప్పడడానికి టైము లేదు. లేచి డోరీన్ దగ్గరకు వేగంగా వెళ్లారు. వేగంలో మొదట వేరే టెంటులోకి వెళ్లారు, అది వేరే సంగతి.

సార్జెంటు మొత్తం విన్నాడు. కోప్పడతాడనుకున్నారు, పడలేదు. మ్యాపు మీద వేలు పెట్టి, కొండ అంచు నుంచి జరిపి, జరిపి, కాగితం చివర దాకా తీసుకెళ్లి కరెంటు టవర్ల కింద ఆపాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. కొండ కింద ఉన్నవాళ్లను పైకి రమ్మని రేడియోలో చెప్పాడు.

"ఈయన కూడా వస్తాడు" అంది డోరీన్, ఆంజనేయప్రసాద్ గారిని చూపించి.

సార్జెంటు ఆయన ఖ్యాతి విన్నవాడే. "ఈయనా?"

"నాకూ నీకూ మధ్యలో నడుస్తాడు. తాడు కావాలంటే కడతాను."

తాడు కట్టలేదు గానీ, ఆవిడ ఆయన జాకెట్ వెనక పట్టీని ఒక చేత్తో పట్టుకునే నడిచింది.

టవర్ల కింద ఆ బయలు చూసి ఆంజనేయప్రసాద్ గారు ఆగిపోయారు. ఎవరూ దున్నని నేల, ఛాతీ ఎత్తున మొక్కలు, కనుచూపు మేర పచ్చటి పూలు. తంగేడును ఆయన రైలు కిటికీలోంచి తప్ప దగ్గరగా చూసింది లేదు, కానీ ఊరు విడిచి ఇంత దూరమొచ్చిన కుర్రాడికి ఇది తంగేడులా కనబడిందంటే ఆయన కాదనలేకపోయారు.

"ఇది పార్కేనా?" అని అడిగారు.

"పార్కేంటి, కలుపు!" అంది డోరీన్. "ఆ పక్క పొలం రైతు దీన్ని పీకలేక చస్తున్నాడు. మొత్తం కోసుకుపోతానంటే భోజనం పెట్టి మరీ పంపిస్తాడు."

ఫైన్ లేని పువ్వు కోసం ఫైన్‌కు భయపడి చెప్పిన అబద్ధం అంతమందిని పొద్దున్నుంచీ కొండ కింద రాళ్లలో పాకించింది. దీని మీద ఆలోచించడానికి ఆంజనేయప్రసాద్ గారికి తర్వాత బోలెడు టైము దొరికింది.

వర్షానికి అడుగుజాడలు పోయాయి. కానీ కత్తెర గాట్లు ఎక్కడికీ పోలేదు. ఒక మొక్క తల తెగి ఉంది, రెండు వదిలి మరొకటి. జంతువు కొరికితే అలా ఉండదు, గాలికి విరిగితే అలా ఉండదు. ఏపుగా పూసినవి ఎంచి, కాడ పొడుగ్గా వచ్చేట్టు, ఏటవాలుగా కోసినవి. డోరీన్ ఒంగి ఒక కాడ చూసి, "నీట్‌గా పనిచేసే పిల్లాడు" అంది. ఆ తెగిన కాడల వెంటే వాళ్లు నడిచారు. మంచి పువ్వు ఎటుంటే అటు వంకర్లు తిరుగుతూ, రోడ్డుకు దూరంగా, ఇంకా దూరంగా. ఒక టవరు కాలికి ఆనించి బియ్యం సంచి కనబడింది. నిండా పూలు. మూతి చక్కగా ముడేసి ఉంది.

మనిషి లేడు. అక్కణ్నుంచి కోసిన కాడలూ లేవు. కొంచెం అవతల నేలలో ఏదో జంతువు తవ్వుకున్న బొరియ, దాని పక్కన తెగిన చెప్పు, అక్కణ్నుంచి దేవదారు పొదల వైపు ఈడ్చుకుపోయిన జాడ.

డోరీన్ ఈల ఊదింది. సార్జెంటు పేరు పెట్టి పిలిచాడు. తర్వాత నియమం ప్రకారం అందరూ కదలకుండా నిలబడి విన్నారు. పైన కరెంటు తీగల రొద. మళ్లీ ఈల, మళ్లీ పిలుపు, మళ్లీ నిశ్శబ్దం. పొదల్లో ఏదో మెదిలింది, ఆగింది. ఎవరూ పలకలేదు.

డోరీన్ ముఖం గట్టిపడింది. పలకలేని స్థితిలో ఉన్నాడేమోనని ఆవిడ భయం. ఆంజనేయప్రసాద్ గారు మాత్రం సార్జెంటు యూనిఫాం వైపు చూశారు. నారింజ జాకెట్ల వైపు చూశారు. ఆదివారాల్లో ఆకుల కింద పడుకున్నప్పుడు ఒంట్లో పుట్టే ఆ ముడుచుకోవడం జ్ఞాపకం వచ్చింది. తనకే అలా ఉంటే, రాత్రంతా తడిసి, పక్కన నేరానికి సాక్ష్యంగా రెండో పూల సంచి పెట్టుకున్నవాడికి ఎలా ఉంటుంది?

"దాక్కున్నాడు" అన్నారాయన. "నన్ను పిలవనివ్వండి."

నోటి చుట్టూ చేతులు పెట్టుకున్నారు. మొదటి ప్రయత్నంలో గాలి వచ్చింది, మాట రాలేదు. రెండోసారి మాత్రం, మీనాక్షి గారు వింటే ఇది వేరే ఎవరి గొంతో అనుకునేంత గట్టిగా వచ్చింది:

"నర్సింహా! పువ్వులకు ఫైన్ లేదురా! కేసు లేదు! పీఆర్‌కి ఏం కాదు! బయటికి రా నాన్నా!"

అలా ఆంజనేయప్రసాద్ గారు, ఒక బ్యాంకు డేటాబేసుల పర్యవేక్షకుడి హోదాలో, ఒంటారియో ప్రభుత్వం తరఫునా కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ తరఫునా ఆ బయల్లో సంపూర్ణ క్షమాభిక్ష ప్రకటించారు.

పొదల్లోంచి, బొంగురుగా, అనుమానంగా ఒక గొంతు: "ఎవరు?"

డోరీన్ ఆయన జాకెట్ పట్టీ వదిలేసింది.

"నేను! ఆంజనేయప్రసాద్‌ని! మిల్టన్!"

"ఏ ఊరు మీది?"

"తెనాలి!"

"పోలీసులున్నరా అంకుల్?"

"ఉన్నారు. మంచివాళ్లే. సూప్ కూడా ఉంది."

"గట్లయితే మీరే రాండ్రి అంకుల్, కాలు ఇరిగింది."

దేవదారు కొమ్మల కింద అతను ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకమంటున్నాయి. దారిలోనే నింపుకున్న రెండో సంచి పూలన్నీ జాకెట్లో, ప్యాంటులో కుక్కుకుని, ఖాళీ సంచిలో కాళ్లు దూర్చుకున్నాడు. మెడ దగ్గరనుంచీ, చేతుల్లోంచీ పచ్చగా పూలు తొంగిచూస్తున్నాయి. ఆ ఆకూ పువ్వూ కుక్కుకోవడమే అతణ్ని రాత్రి కాపాడిందని డోరీన్ తర్వాత అంది. రాత్రి రోహిత్ అరుపు వినబడలేదా అంటే, నొప్పికి కళ్లు తిరిగి పడిపోయాడట. పొద్దున రోడ్డు మీద పోలీసు కారు రెండుసార్లు పోవడం చూసి, పూల కోసమే వచ్చారనుకున్నాడట. చలి ముందు తెలివినే తింటుంది అంది డోరీన్, అతని చేతులు తన చేతుల్లో రుద్దుతూ.

"మరి ఆ నిండు సంచి కూడా ఒంటి మీద వేసుకోవాల్సింది కదరా" అన్నారు ఆంజనేయప్రసాద్ గారు దుప్పటి కప్పుతూ.

నర్సింహ ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. "అది బతుకమ్మది అంకుల్."

ఆంజనేయప్రసాద్ గారు పక్కకు తిరిగి, కళ్లజోడు తుడుచుకున్నారు. అది తుడవాల్సినంత మాసిపోలేదు. ఆకలి లేకపోయినా జేబులోంచి బిస్కెట్ తీసి తిన్నారు.

స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే సార్జెంటు ఆయన పక్కన నడిచాడు. "ఏమని అరిచావు నువ్వు? అంతసేపూ పలకనివాడు దానికి పలికాడు."

ఆంజనేయప్రసాద్ గారు నిజాయితీపరులు. ఉన్నదున్నట్టు చెప్పారు. ఫైన్, కేసు, పీఆర్, మూడూ.

సార్జెంటు టోపీ సర్దుకున్నాడు. "పీఆర్ కూడా?"

"టైము లేక వివరాల్లోకి వెళ్లలేదు."

"నాకు తెలుగు రాదు" అన్నాడు సార్జెంటు ఆకాశంవైపు చూస్తూ. "కాబట్టి నేనేమీ వినలేదు."

రోడ్డు మీద ఆంబులెన్సు దగ్గర ధాత్రీ రోహితూ నిలబడి ఉన్నారు. రోహిత్ స్ట్రెచర్ చూడగానే రోడ్డు అంచున కూలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. ధాత్రి ఏడవలేదు. స్ట్రెచర్‌కు అడ్డంగా వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏమ్రా! పూలు దెమ్మంటే అడవి దెస్తవా? ఎవడు జెప్పిండ్రా నీకు తంగేడే కావాలని? నేనంటే అంటి, నవ్వితే నవ్విన, గంత రోషమా? సచ్చినవనుకున్నంరా! కొండ కింద నీ బొక్కలు ఏరుతున్నరు అనుకున్నం! సంచి నింపుకునేందుకు తెలివున్నది, కప్పుకునేందుకు లేదా? కాలు మంచిగయినంక ఇంకో కాలు నేనే ఇరగ్గొడ్త చూడు! తల్లి కడుపు చల్లగుండ, ఎట్లున్నవ్‌రా? నొస్తున్నదా?"

స్ట్రెచర్ మోస్తున్నవాళ్లందరూ ఆగిపోయారు. ఆ భాష ఒక్కరికీ రాదు, కానీ కదలడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నర్సింహ మాత్రం దుప్పటి కిందనుంచి పచ్చటి రెమ్మ ఒకటి పీకి, ఆమె వైపు చాపాడు.

"పడెయ్ దాన్ని" అంది ధాత్రి. అని, తీసుకుంది. తీసుకున్నాక ఏడ్చింది.

సార్జెంటు రిపోర్టు రాసుకోవాలి. మెల్లగా ఆంజనేయప్రసాద్ గారి దగ్గరకొచ్చి, "ఆమె ఏమంటోంది?" అని అడిగాడు.

ఆంజనేయప్రసాద్ గారు కాస్త ఆలోచించారు. ఆయన ఆలోచించడం మొదలుపెడితే ఎక్కడికి పోతారో తెలియదు, కానీ ఈసారి ఎక్కడికీ పోలేదు.

"చాలా సంతోషంగా ఉందంటోంది" అన్నారు.